ఎర్రగుడ్డ కట్టిన గన్ను

పొద్దున్నే గన్నులకు నూనె చుక్కలు వేయడం ఆమె పని. ఆ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు, వద్దని ఎవరూ అనలేదు. పాపని బడికి పంపి, అత్తగారికి వేడినీళ్ళు తోడి, పొయ్యి కట్టేసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటింటి వెనక తలుపు తీస్తే పదడుగుల్లో షెడ్డు. ఆ పదడుగులే ఆమె కొంప ముంచాయి. షెడ్డు ఊరికి ఆ చివరో ఈ చివరో ఉండి, ఆమె బస్సెక్కి వెళ్ళి ఉంటే "పనికి వెళ్ళింది" అనేవారేమో. పదడుగులే కాబట్టి ఎవరైనా అడిగితే అత్తగారు "ఇక్కడే ఎక్కడో ఉంది, అలా వెనక్కి వెళ్ళినట్టుంది" అనేది. పదకొండేళ్ళుగా ఆమె అలా వెనక్కే వెళుతోంది.

షెడ్డులో చెక్క పెట్టెలు చేస్తారు. మోటార్లు, పంపులు, గాజు పలకలు దూరప్రాంతాలకు పంపేవాళ్ళు వాటిని పెట్టి పంపే పెట్టెలు. మేకులు కొట్టడానికి మూడు గన్నులున్నాయి. గాలితో నడిచేవి. మూలనున్న కంప్రెసర్ గాలిని బిగపట్టి ఉంచుతుంది, పైపులోంచి అది గన్నుకి వస్తుంది, ట్రిగ్గర్ నొక్కగానే రెండున్నర అంగుళాల మేకు రెప్పపాటులో చెక్కలో దిగిపోతుంది. చెక్కలోనే దిగాలన్న పట్టింపు మేకుకి లేదు. ఎదురుగా ఏముంటే అందులో దిగుతుంది. అందుకే గన్నుకి ముందు భాగాన కదిలే ముక్కు ఒకటి పెట్టారు. ఆ ముక్కుని చెక్కకు గట్టిగా ఆనించి లోపలికి నొక్కితేనే ట్రిగ్గర్ పనిచేస్తుంది. చెక్క మీంచి ఎత్తగానే వెనకున్న స్ప్రింగు ముక్కుని మళ్ళీ బయటికి తోసేస్తుంది, ఇక ఎంత నొక్కినా మేకు రాదు. వేలెడంత కూడా ఉండదు ఆ స్ప్రింగు. షెడ్డులో ఉన్నవాళ్ళ కళ్ళూ చేతులూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇదంతా ఆమెకు ఎవరు నేర్పారంటే, ఎవరూ నేర్పలేదు. గన్నులు కొన్నప్పుడు పెట్టెలో చిన్న పుస్తకం ఒకటి వచ్చింది. భర్త దాన్ని తిరగేసి కూడా చూడలేదు. రంపపు బల్ల ఒక కాలు పొట్టిదైతే మడిచి దాని కింద దూర్చాడు. ఓ రోజు ఊడుస్తూ ఆమె దాన్ని లాగి, దుమ్ము దులిపి, అక్కడే రంపపు పొట్టులో కూర్చుని చదివింది. బొమ్మలు చూసింది, తెలియని మాటలు ఇంట్లో ఉన్న పాత నిఘంటువులో వెతుక్కుంది. బల్ల కింద చెక్కముక్క పెట్టి పుస్తకం తన దగ్గరే ఉంచేసుకుంది. అప్పటినుంచీ పొద్దున గన్ను చేతిలోకి తీసుకుంటే ముందు పైపు ఊడబీకుతుంది. గాలి ఉన్న గన్నుని తెరవకూడదు, తడమకూడదు, చివరికి దానిలోకి తొంగి కూడా చూడకూడదు. తర్వాత గాలి వచ్చే చోట నాలుగైదు చుక్కల నూనె. తర్వాత వదులైన మరలు బిగించడం, మేకు వెళ్ళే దారిలో పొట్టు తీయడం, చివరగా ముక్కుని చెక్కకు ఆనించి నొక్కి వదిలి, అది చటుక్కున వెనక్కి వస్తోందో లేదో చూడడం. సాయంత్రం కంప్రెసర్ అడుగున మర తిప్పి, లోపల చేరిన నీళ్ళు బయటికి వదలడం. ఆ నీళ్ళు లోపలే ఉంటే గన్నులు తుప్పుపట్టి పోతాయని మగాళ్ళలో ఒక్కడికీ తెలియదు. గన్నులు పదకొండేళ్ళు నిక్షేపంగా పనిచేస్తుంటే, మంచి సరుకు కొన్నానని భర్త మీసం మీద చెయ్యి వేసుకునేవాడు.

ఆమెకు షెడ్డులో ఓ పేరుంది, చుక్కలమ్మ. పెట్టింది మరిది. "ఏం చుక్కలమ్మా, ఇవాళ చుక్కలు పడ్డాయా?" అని రోజూ అందరి ముందూ అరుస్తాడు. పనివాళ్ళు కిసుక్కుమంటారు. ఆమె కూడా మొదట్లో నవ్వింది. తర్వాత నవ్వడం మానేస్తే "మా వదినకి ఈమధ్య ముక్కు మీద కోపం" అన్నాడు, దానికీ నవ్వారు.

ఒకసారి ఆమెకు మూడు రోజులు జ్వరం. ఒళ్ళు కాలిపోతోంది. మంచం దగ్గరికి భర్త వచ్చాడు. మంచినీళ్ళు తెచ్చాడేమో అని ఆమె కళ్ళు తెరిచింది. గన్ను తెచ్చాడు. "ఒకటో నంబరు మేకులు కొట్టడం లేదే. లేవద్దులే, పడుకునే చూడు" అని దుప్పటి మీద, ఆమె కడుపు మీద పెట్టాడు. ఆమె పడుకునే చూసింది. లోపల ఇరుక్కున్న వంకర మేకుని లాగి ఇచ్చింది. అదే నెలలో పాప బడివాళ్ళు ఏదో కాగితం నింపమన్నారు. తల్లి చేసే పని అని ఉన్నచోట ఆమె కలం ఆగితే, భర్త పేపరు చదువుకుంటూ, "ఏముందీ ఆలోచించడానికి? ఏమీ లేదని రాయి" అన్నాడు. గోళ్ళ సందుల్లో నల్లటి నూనె మరకలతో ఆమె 'ఏమీ లేదు' అని రాసింది. ఆ మాట తన చేత్తో తానే రాసినందుకు ఇప్పటికీ తన చెంప తానే వాయించుకోవాలనిపిస్తుంది.

సరే, అసలు సంగతికి వస్తాను.

మరిదికి ఆ స్ప్రింగంటే గిట్టదు. ప్రతి మేకుకీ ముక్కు ఆనించి, నొక్కి, కొట్టి, ఎత్తి, మళ్ళీ ఆనించాలంటే వాడికి చేతులు పడిపోతాయట. అందుకని స్ప్రింగు పీకేసి, ముక్కుని సన్నటి తీగతో వెనక్కి లాగి కట్టేసేవాడు. ఇక ముక్కు చెక్కకు ఆనినా ఆనకపోయినా ఒకటే, ట్రిగ్గర్ నొక్కితే చాలు, టపటపా మేకులు. గాల్లోకి కూడా వస్తాయి. ఆమె పొద్దున చూసి, తీగ తెంపి, కొత్త స్ప్రింగు వేసేది. మర్నాడు మళ్ళీ తీగ. ఇద్దరి మధ్యా ఇది నెలల తరబడి సాగింది.

"ఏమండీ, మీ తమ్ముడికి చెప్పండి. ఎవరికైనా తగిలితే ప్రాణం మీదికొస్తుంది."

"చెప్పాన్లే."

"ఎప్పుడు చెప్పారు?"

"చెప్పానన్నానుగా! వాడు కొట్టినన్ని పెట్టెలు ఇంకెవడు కొడతాడే? పనిచేసేవాడి కాళ్ళకి అడ్డం పడకు."

భర్త చెప్పడని ఆమెకు తేలిపోయింది. అప్పుడు తనే ఒక పద్ధతి పెట్టింది. పాప చిన్నప్పటి ఎర్ర గౌను ఒకటుంటే నిలువుగా చించి, స్ప్రింగు లేని గన్ను ట్రిగ్గర్ చుట్టూ ఆ పీలికతో రెండు ముళ్ళు వేసి పై అరలో పెట్టేది. ఎర్రగుడ్డ కట్టి ఉందంటే ఆ గన్ను పనికిరాదని అర్థం. ఆమె కట్టింది ఆమే విప్పాలి. ఈ మాట పనివాళ్ళందరినీ నిలబెట్టి చెప్పింది. పలకలక్క అందరికంటే ముందు తలూపింది. పలకలక్క అంటే, మేకు కొట్టేటప్పుడు పలకలు జరగకుండా పట్టుకునే ఆవిడ. యాభై దాటి ఉంటాయి, షెడ్డులో అందరికంటే పాత మనిషి. ఆవిడ చేతులు రోజంతా గన్నుకి జానెడు దూరంలో ఉంటాయి. "చెల్లెమ్మ గుడ్డ కట్టిందంటే దాని జోలికి పోకండర్రా. నా చేతులు నాకు కావాలి" అని నవ్వుతూనే గట్టిగా చెప్పింది. మరిది మూతి ముడిచాడు కానీ కొన్నాళ్ళు ఆ గుడ్డ జోలికి పోలేదు.

ఆ మంగళవారం రెండో నంబరు గన్నుకి మళ్ళీ తీగ కట్టి ఉంది. డబ్బాలో చూస్తే స్ప్రింగులు అయిపోయాయి. తెమ్మని నాలుగు రోజుల కిందటే భర్తకు చెప్పింది, "తెస్తాలే" అన్నాడు. ఆమె తీగ తెంపలేదు, తెంపినా వేయడానికి స్ప్రింగు లేదు. పైపు పీకి, ఎర్రగుడ్డ కట్టి, పై అరలో పెట్టింది. ఫోనులో ఉన్న భర్తకు వేలితో చూపించింది, అతను తల ఊపాడు. మరిదికి నోటితోనే చెప్పింది. "ఇవాళ రెండు గన్నులతోనే కానివ్వు. దాన్ని ముట్టుకోకు." వాడు ఎగాదిగా చూసి, "చిత్తం చుక్కలమ్మా" అన్నాడు.

ఇంతలో ఇంట్లోంచి అత్తగారి కేక. కళ్ళజోడు కనిపించడం లేదట. ఆమె వెళ్ళింది. మంచం కింద వెతికింది, పరుపు ఎత్తి చూసింది, కిటికీ గూట్లో చూసింది. అత్తగారు పడకకుర్చీలో కూర్చుని "సరిగ్గా చూడు, కళ్ళు పెట్టి చూడు" అంటోంది. కళ్ళజోడు అత్తగారి ఒళ్ళోనే, పేపరు మడతలో దొరికింది. అది తీసి చేతికిస్తుండగా షెడ్డులోంచి అరుపు వినిపించింది.

పరిగెత్తి వెళ్ళేసరికి పలకలక్క బల్ల పక్కన మోకాళ్ళ మీద ఉంది. ఎడమ అరచెయ్యి పలకకు మేకుతో దిగ్గొట్టి ఉంది. మరిది గన్ను పట్టుకుని గుడ్లప్పగించి నిలబడ్డాడు, వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంది. ఆమె ముందు చేసిన పని, వాడి గన్నుకున్న పైపు లాగి పారేయడం. తర్వాత పలకలక్క భుజం పట్టుకుంది. భర్త కటింగ్ ప్లయర్ తెచ్చి మేకు పీకబోయాడు. "ముట్టుకోకండి!" అని ఆమె అరిచిన అరుపుకి అతను ఆగిపోయాడు. పెళ్ళయ్యాక అతని మీద అంత గట్టిగా అరవడం అదే మొదటిసారి. మేకు లాగితే రక్తం ఆగదు. పలకని అటూ ఇటూ చేతిరంపంతో కోయించి, మిగిలిన ముక్కతో సహా ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. చేతికి కట్టడానికి గుడ్డ కావాలని చుట్టూ చూస్తే బల్ల కింద ఎర్రగా కనిపించింది. ఆలోచించే సమయం లేదు, తీసి కట్టింది. ముళ్ళు వేస్తుంటే తెలిసింది, అది పొద్దున తాను గన్నుకి కట్టిన పీలిక.

ఆసుపత్రిలో ఆమె ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. భర్త డాక్టరుతో "చెయ్యి జారిందండీ" అంటున్నాడు. ఎవరి చెయ్యో చెప్పలేదు. వారం తర్వాత పలకలక్క ఇంటికి వచ్చింది కానీ చూపుడువేలూ మధ్యవేలూ ముడుచుకోవడం లేదు. మళ్ళీ ముడుచుకుంటాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆసుపత్రివాళ్ళు రాసిన చీటీ కార్మిక శాఖకి వెళ్ళింది. తనిఖీ అధికారి గురువారం వస్తాడని కబురొచ్చింది.

బుధవారం మధ్యాహ్నం భర్త ఆమెను ముందు గదిలోకి పిలిచాడు. అప్పటికే మరిది, అత్తగారు ఉన్నారు. భర్త కుర్చీ జరిపి "కూర్చో" అన్నాడు. ఆమెకు అనుమానం వచ్చింది. అత్తగారు వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టి, కప్పు తెచ్చి చేతికిచ్చేసరికి ఆ అనుమానం రూఢి అయిపోయింది. పదకొండేళ్ళలో అత్తగారు ఆమెకు టీ పెట్టి ఇవ్వలేదు. ఏదో పెద్ద కత్తే నూరారనుకుంది.

భర్త కాగితం ఒకటి ముందుకు తోశాడు. టైపు చేయించాడు. ఆమె చదివింది. 'ఈ షెడ్డులో పదకొండేళ్ళుగా యంత్రాల నిర్వహణ చూస్తున్నది నేనే. ఆ రోజు రెండో నంబరు గన్నుకి స్ప్రింగు బిగించడం ఏమరుపాటున మర్చిపోయాను. ప్రమాదానికి బాధ్యత నాది.' కింద ఖాళీ గీత, సంతకానికి.

మొదటి వాక్యం దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ చదివింది. నిర్వహణట! పదకొండేళ్ళట! అంటే వీళ్ళకి అన్నీ తెలుసన్నమాట. ఎన్నేళ్ళో కూడా తెలుసు. బడి కాగితం మీద ఏమీ లేదన్న మనిషికి, దుప్పటి మీద గన్ను పెట్టిన మనిషికి, తన పనికి ఇంత చక్కటి పేరుందని తెలుసు. పేరు దాచిపెట్టి ఉంచారు. నేరం మోయడానికి ఒక మనిషి కావాల్సి వచ్చాక బయటికి తీశారు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నేను మర్చిపోలేదు" అంది.

"మర్చిపోయావని ఎవరన్నారే? కాగితం మీద అంతే" అన్నాడు భర్త.

"గుడ్డ కట్టాను. మీకు చూపించాను. వీడికి చెప్పాను."

మరిది నేల చూపులు చూస్తూ, "తొందరలో చూసుకోలేదు వదినా. గుడ్డ ఊడిపోయి ఉందేమో" అన్నాడు.

"రెండు ముళ్ళు వేశాను. రెండు ముళ్ళు వాటంతటవే ఊడతాయా?"

"ఇప్పుడు ముళ్ళ గురించి పంచాయితీ ఎందుకమ్మాయ్?" అత్తగారు అందుకుంది. "వాడి పేరు రాస్తే వాణ్ణి మళ్ళీ గన్ను పట్టుకోనివ్వరట. చెయ్యి తిరిగిన పనివాడు. నువ్వు కాస్త సర్దుకుంటే ఇల్లు నిలబడుతుంది. ఒక్క సంతకం! చచ్చిపొమ్మన్నామా?"

భర్త గొంతు తగ్గించి, మంచిమాటలు చెప్పేటప్పుడు పెట్టే గొంతు పెట్టి అన్నాడు: "చూడు, నువ్వు ఇంట్లో మనిషివి. తీసేయడానికి నీకు ఉద్యోగం లేదు, పోవడానికి పేరు లేదు. ఆడదని ఓ మందలింపుతో వదిలేస్తారు. నీకు పోయేదేముంది చెప్పు?"

పోయేదేముంది! ఉద్యోగం ఇవ్వంది ఎవరు? పేరు ఇవ్వంది ఎవరు? ఇవ్వకుండా దోచుకుని, చేతులు ఖాళీగా ఉన్నాయి కాబట్టి ఇది కూడా నువ్వే పట్టుకో అంటున్నారు. టీ కప్పు అలాగే బల్ల మీద పెట్టి, కాగితం మడిచి తీసుకుని లేచింది. "రేపు నేనే ఇస్తాను ఆ అధికారికి" అంది. ముగ్గురూ హమ్మయ్య అనుకోవడం వీపు వెనక ఆమెకు వినిపించింది.

అక్కణ్ణుంచి నేరుగా పలకలక్క ఇంటికి వెళ్ళింది. రెండు వీధులవతల ఒంటి గది. ఆవిడ గుమ్మంలో కూర్చుని కుడిచేత్తో ఒక్కత్తే బట్టలు మడవాలని చూస్తోంది. మడత కుదరడం లేదు, చొక్కా చేతులు జారిపోతున్నాయి. ఆమె పక్కన కూర్చుని మడవబోతే ఆవిడ వద్దనలేదు. కాసేపయ్యాక తలెత్తకుండానే అంది:

"మీ మరిది వచ్చాడు చెల్లెమ్మా నిన్న. నువ్వు స్ప్రింగు వేయడం మర్చిపోయావట కదా. పోన్లే. మనిషన్నాక మరుపు ఉంటుంది. నీ మీద నాకేం కోపం లేదు. ఇంటి చాకిరీ, షెడ్డు చాకిరీ, నువ్వు మాత్రం ఎన్నని చూస్తావు?"

తిట్టినా బాగుండేది. ఈవిడ క్షమించేసింది! చేయని తప్పుకి, రెండు వేళ్ళు చచ్చుబడిన మనిషి క్షమిస్తుంటే ఆ క్షమ తన చేతిలో నిప్పులా పడింది. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడవలేదు.

"నేను మర్చిపోలేదక్కా. ఎర్రగుడ్డ కట్టాను."

"కట్టావా? మరి నేను చూడలేదే! చూస్తే నేనెందుకు చెయ్యి పెడతాను? వాడు గన్ను తెచ్చేసరికి దానికి ఏ గుడ్డా లేదు."

"విప్పి పారేశాడు. నీ చేతికి ఆ రోజు నేను కట్టింది ఆ గుడ్డే."

పలకలక్క లేచి, లోపల దండెం మీంచి ఉతికి ఆరేసిన ఎర్ర పీలిక తెచ్చింది. ఆసుపత్రివాళ్ళు విప్పి ఇచ్చారట. మధ్యలో మరక పోలేదు, నల్లగా మిగిలింది.

"ఇది ఎక్కడిదా అని నేనూ అనుకున్నాను" అంది. ఆవిడ గొంతు మారిపోయింది. "అంటే చూసి, తెలిసి, ముడి విప్పి, నా చెయ్యి ముందు పెట్టాడన్నమాట. పైగా ఇంటికొచ్చి పళ్ళు తెచ్చిచ్చి నీ పేరు చెప్పాడు. తిన్నాను నేనవి!"

"రేపు తనిఖీ అధికారి వస్తాడక్కా. నాతో సంతకం పెట్టమంటున్నారు."

"పెడతావా?"

ఆమె ఇంకో చొక్కా తీసి మడత పెట్టింది.

"నా వేళ్ళు వస్తే వస్తాయి, రాకపోతే లేదు" అంది పలకలక్క. "కానీ అవి ఎలా పోయాయో ఎవరో ఒకరు నిజం రాయాలి చెల్లెమ్మా. నాకు రాయడం రాదు. రేపు ఇంకొకరు ఆ పలకలు పట్టుకుంటారు. వాళ్ళ చేతుల ముందూ వీడే ఉంటాడు." పీలిక ఆమె చేతిలో పెట్టి, మూసి, పైన తన కుడిచెయ్యి అదిమింది.

గురువారం పదకొండింటికి తనిఖీ అధికారి వచ్చాడు. పెద్దాయన, బట్టతల, చంకలో ఫైలు. షెడ్డంతా కలియదిరిగి, రెండో నంబరు గన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. భర్త వెనకే తిరుగుతూ, "నిర్వహణంతా మా ఆవిడేనండీ. అన్నీ ఆవిడే చూసుకుంటుంది. పాపం, ఆ రోజే ఏదో ఏమరుపాటు. తనే రాసిచ్చింది కూడా" అన్నాడు. పదకొండేళ్ళుగా ఆమె చెవులు వినాలనుకున్న మాట అది. షెడ్డు నడిమధ్య, పనివాళ్ళందరి ముందూ అన్నాడు.

"ఏదమ్మా ఆ కాగితం?" అన్నాడు అధికారి.

ఆమె ఇచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని పైకే చదివాడు.

"'ఈ షెడ్డులో పదకొండేళ్ళుగా యంత్రాల నిర్వహణ చూస్తున్నది నేనే.' సరే. తర్వాతి రెండు వాక్యాలు కొట్టేసి ఉన్నాయి. కింద చేతిరాత. 'ఆ రోజు స్ప్రింగు లేదని చూసి, గన్నుకి ఎర్రగుడ్డ కట్టి, ముట్టుకోవద్దని మా ఆయనకి, మరిదికి చెప్పినది నేనే. విప్పింది నేను కాదు. స్ప్రింగు పీకి తీగ కట్టింది నేను కాదు. తీగ ఇంకా ఆ గన్నుకే ఉంది, చూసుకోండి.' సంతకం ఉంది."

మరిది మొహంలో నెత్తుటి చుక్క లేదు. భర్త నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఏమే, ఏం రాశావే ఇది? ఈవిడకేం తెలియదండీ. ఏదో నూనె చుక్కలు వేస్తుందంతే. చదువుకున్నది కూడా కాదు."

"ఇప్పుడేగా అన్నీ ఆవిడే చూస్తుందన్నారు?" అన్నాడు అధికారి. విసుగ్గా అన్నాడు, ఆమె పక్షాన ఏమీ కాదు. గన్నుకున్న తీగను వేలితో లాగి చూసి, మరిది వైపు తిరిగాడు. "గన్నులో మేకు ఇరుక్కుందనుకో. ముందు ఏం చేస్తావయ్యా?"

మరిది తడబడ్డాడు. "దులుపుతానండి. గట్టిగా నేలకేసి కొడితే వచ్చేస్తుంది."

వెనక పనివాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. ఈసారి నవ్వు ఆమె మీద కాదు.

"మీరు చెప్పండమ్మా."

"ముందు గాలి తీసెయ్యాలి" అంది ఆమె. "గాలి ఉన్నంతసేపు దాన్ని ముట్టుకోకూడదు." కొంగులోంచి చిన్న పుస్తకం తీసి ఆయనకిచ్చింది. అట్ట మీద బల్ల కాలు పడిన గుంట ఇంకా అలాగే ఉంది. ఆయన ఆ గుంటను చూసి, ఇదేమిటని అడగబోయి, అడగకుండానే పేజీలు తిప్పాడు. అన్ని పేజీల నిండా నూనె వేళ్ళ ముద్రలు.

ఆయన ఫైలులో రాసుకుంటుండగా ఆమె మూలకు నడిచింది. కంప్రెసర్ స్విచ్చి ఆపింది. అడుగునున్న మర తిప్పింది. బిగపట్టిన గాలంతా బుస్సుమంటూ బయటికి వచ్చింది. అది ఆగేవరకూ ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు. తర్వాత మూడు గన్నుల పైపులూ ఒక్కొక్కటీ ఊడదీసి నేల మీద పెట్టింది. రవికలో దోపుకున్న ఎర్ర పీలిక తీసి, నల్ల మరక పైకి కనబడేలా, కంప్రెసర్ స్విచ్చికి చుట్టి ఒక ముడి వేసింది. దాని మీద ఇంకొకటి వేసింది.

భర్త దగ్గరికి వచ్చాడు. పళ్ళ బిగువున, అధికారికి వినబడకుండా అన్నాడు: "ఆర్డరు పోవాలి ఇవాళ. ఏం చేస్తున్నావో తెలుస్తోందా నీకు? ముందు ఇంట్లోకి పద. మాట్లాడాలి."

పదడుగుల అవతల వంటింటి తలుపు తెరిచే ఉంది. గుమ్మంలో అత్తగారు నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని చూస్తోంది. ఆమె చేతులకంటిన నూనె కొంగుకు తుడుచుకుంది.

"ఏం మాట్లాడాలన్నా ఇక్కడే మాట్లాడండి" అంది, అందరికీ వినబడేలా. "నేను పనిలో ఉన్నాను."